నడిపిందెవరు

మా ఆడపడుచు ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక గ్లాసులన్నీ నేనే కడిగాను. మా ఆయన గ్లాసు మాత్రం, కడిగిన ప్రతిసారీ మళ్ళీ ముందుగదిలోకి వెళ్ళిపోయింది. బయల్దేరేటప్పుడు కారు తాళాల కోసం చెయ్యి చాచాను. పెళ్ళాం నడుపుతుంటే నలుగురి ముందు తను బొమ్మలా పక్కన కూర్చోవాలా అన్నారు. నేను తొమ్మిదేళ్ళుగా స్కూలు వ్యాను నడుపుతున్నాను. ఇరవై రెండు మంది పిల్లలు నన్ను వ్యాను పిన్ని అంటారు. వాళ్ళ తల్లిదండ్రులకు నా మీదున్న నమ్మకం మా ఇంట్లో ఎవరికీ లేదు. గొడవెందుకు, వాడు మెల్లగానే పోనిస్తాడంటూ అత్తయ్య వెనక సీట్లో సర్దుకున్నారు. నేనూ నోరు మూసుకుని ఎక్కి కూర్చున్నాను.

రెండో మలుపులో, రోడ్డు ఊడుస్తున్న ఆవిడ కాలి మీదుగా చక్రం వెళ్ళింది.

దిగి పరుగెత్తాను. ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని అంబులెన్సుకి ఫోన్ చేశాను. ఆయన వచ్చి నన్ను జబ్బ పట్టి లేపి, తీసుకెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు.

"నువ్వే నడిపావని చెప్పు. నువ్వు తాగలేదుగా, ఊదినా ఏం రాదు. నేను ఊదితే జైలే."

అత్తయ్య నా రెండు చేతులూ పట్టుకున్నారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆవిడ నా చేతులు పట్టుకోవడం అదే మొదటిసారి.

ఎవరు నడిపారని పోలీసు అధికారి రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ నేనేనన్నాను. గొట్టంలో ఊదమంటే ఊదాను. సున్నా వచ్చింది. మా ఆయన దగ్గర వాసన అతనికి తెలియకపోలేదు. కానీ పక్క సీట్లోవాడు తాగితే నేరమేముంది? రాసిచ్చిన దాని మీద సంతకం పెట్టాను.

లైసెన్సు తీసేసుకున్నారు. స్కూలువాళ్ళు మర్నాడే వ్యాను తాళాలు ఇచ్చేయమన్నారు. కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉంటే వంటైనా తీరిగ్గా అవుతుందని ఆయన ఓదార్చారు. నిజంగా ఓదార్పే అనుకున్నారు.

మూడో రోజు స్టేషనుకి వెళ్ళి జరిగింది చెప్పాను. అధికారి విసుక్కోలేదు, జాలిపడ్డాడు. అదే భరించలేకపోయాను.

"అప్పుడే చెప్పాల్సిందమ్మా. తాగింది గంటల్లో దిగిపోతుంది. ఇప్పుడు ఆయన చేత ఊదిస్తే ఏం తేలుతుంది? పైగా అబద్ధం చెప్పినందుకు కేసు మీ మీదే పడుతుంది."

అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్ళాను. ఆవిడ కాలికి తొడ దాకా కట్టు ఉంది. నన్ను గుర్తుపట్టి మంచినీళ్ళు అడిగింది. తాగించాను. క్షమించమని అడగలేదు. కారు నడిపింది నేను కాదని మాత్రం చెప్పాను.

"తెలుసమ్మా. ఆయన నిన్ను లాక్కెళ్ళి ఆ సీట్లో కూర్చోబెట్టడం చూశాగా."

మరి పోలీసులకు ఎందుకు చెప్పలేదన్నాను.

"నన్నెవరు అడిగారు?"

ఆ మాటలో కోపం లేదు. వార్డులో ఎవరిదో దగ్గు తెరలుతెరలుగా వినిపిస్తోంది. నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను. నన్ను అడిగారు. అందరి ముందూ, స్పష్టంగా, రెండుసార్లు అడిగారు.

నర్సు దగ్గర కాగితం, పెన్ను అడిగి తెచ్చుకుని మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడ ఏం చూసిందో ఒక్కొక్కటీ చెప్పమన్నాను. అది రాసేముందు నా మాట ఒకటి రాశాను: నేను అబద్ధం చెప్పాను.