కొంగు కాపడం

కాస్త దగ్గరికి జరగండర్రా, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట మీకు వినపడదు. కళ్ళు నలుపుకుంటున్న ఆ పిల్లని నా పక్కన కూర్చోబెట్టండి. ఈ కథ ముందు దానికే కావాలి.

భవానీపురంలో మాణిక్యమ్మ అని ఒకావిడ ఉండేది. దివిసీమ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. కూతురూ అల్లుడూ పొద్దున్నే ఉద్యోగాలకి పోతే, మనవరాలు సుస్మితని పెంచింది ఆవిడే. ఎనిమిదో ఏటి నుంచీ ఆ పిల్లకి కళ్ళ దురద. ఎండలు ముదిరాయంటే కళ్ళు చింతనిప్పులయ్యేవి. బడి నుంచి రాగానే అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, టీవీ వైపు తిరిగి పడుకునేది. మాణిక్యమ్మ చీరకొంగు ఉండచుట్టి, నోటి దగ్గర పెట్టుకుని వేడిగా ఊది, కంటి మీద అదిమి గుండ్రంగా రుద్దేది. పిల్లకి ప్రాణం లేచొచ్చేది.

"ఇంకొంచెం గట్టిగా అమ్మమ్మా" అనేది.

ఎడమ కన్ను ఒడిలో ఒత్తుకుని ఉండేది కాబట్టి ఆ కాపడం ఎప్పుడూ కుడి కంటికే అందేది.

పదమూడో ఏట కళ్ళజోడు వచ్చింది. ఏడాది తిరక్కుండా రెండుసార్లు అద్దాలు మార్చాల్సి వచ్చింది. వన్‌టౌన్‌లో కళ్ళజోళ్ళ కొట్టు నడిపే అష్ఫాక్‌కి అనుమానం తగిలింది.

"మామ్మగారూ, పవర్ ఇట్టా ఎగబాకటం నాకు నచ్చలేదండీ. పెద్ద డాక్టరుకి చూపించండి. ఈలోపు పిల్లని కంట్లో చెయ్యి పెట్టనీయకండి."

"నువ్వు చెప్పాలా నాయనా! ఇవాళ్టి నుంచి దాని చేతులు కట్టేస్తాగా" అంది మాణిక్యమ్మ.

అన్నమాట నిలబెట్టుకుంది కూడా. పిల్ల చెయ్యి కంటి దాకా లేస్తే చాలు, ఒక్కటి వేసేది. "నీ మట్టి చేతులు పెట్టకే, నేనున్నాగా" అంటూ ఉతికిన కొంగు తీసి తనే రుద్దేది. పిల్ల చెయ్యి పెట్టకూడదని విన్నది గానీ, తనదీ చెయ్యేనని ఆవిడకి తోచలేదు. పెద్ద డాక్టరు దగ్గరికి పరీక్షలయ్యాక వెళ్దామనుకున్నారు, ఎండలు తగ్గాక వెళ్దామనుకున్నారు. అలా నాలుగేళ్ళు గడిచిపోయాయి.

రెండువేల నాలుగులో సుస్మిత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరింది. మైక్రోస్కోపులో చూస్తే ఒక్క చుక్క నాలుగై, తోకలు వేసుకుని కనపడింది. ఏడుస్తూ ఇంటికొచ్చింది. అప్పుడు పరుగెత్తారు కంటి ఆసుపత్రికి.

డాక్టరు రామకోటేశ్వరరావు గారు కూడా పొలం గట్ల మీద పెరిగిన మనిషే.

"కాలవ గట్టు పల్చబడితే నీళ్ళ తోపుకి ఉబ్బుతుంది చూశారా మామ్మగారూ? నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర అట్టాగే పల్చబడి ముందుకి పొడుచుకొచ్చింది. కెరటోకోనస్ అంటారు. ఇప్పుడు దీనికి రింగులు వచ్చాయి. విరిగిన చేతిగాజు ముక్కల్లా వంకరగా, చాలా చిన్నగా ఉంటాయి. ఆ పొరలో దూరిస్తే ఉబ్బు కొంత అణుగుతుంది. ఎడమ కంటికి వేద్దాం."

"మరి కుడి కంటికో బాబూ?"

"అది మరీ పల్చనైపోయింది, మధ్యలో మచ్చ కూడా పడింది. రింగు పనికిరాదు. ఎవరైనా దానం చేసిన కన్ను దొరికితే ఆ పొరే మార్చాలి. కాస్త ముందు తెచ్చుంటే రెంటికీ వేసేవాళ్ళమేమో." ఆయన సుస్మిత వైపు తిరిగాడు. "కళ్ళు బాగా నలుపుతావా అమ్మాయ్? అదొక్కటే కారణమనను గానీ, ఉన్న జబ్బుని అది ఇంకా పెంచుతుంది."

మాణిక్యమ్మ గుప్పిట్లో కొంగు చెమటకి తడిసిపోయింది. నోరు తెరిచింది. ఈలోపే పిల్ల అందుకుంది.

"అవునండీ, నేనే. ఎంత చెప్పినా వినకుండా నలుపుకునేదాన్ని."

"పెద్దావిడ అంత మొత్తుకుంటుంటే వినొద్దూ?" అని డాక్టరు చీవాట్లు పెట్టాడు. పిల్ల తల వంచుకుని అన్నీ పడింది. మాణిక్యమ్మ తెరిచిన నోరు మూసుకుంది.

ఆటోలో అడిగింది, "ఎందుకట్టా చెప్పావే?"

"నిన్నేమన్నా అంటే నువ్వు అలిగి రెండు రోజులు పొయ్యి వెలిగించవు. ఆ ఆకలి నావల్ల కాదు తల్లీ" అని నవ్వింది సుస్మిత. ఆ నవ్వుకి మాణిక్యమ్మ మొహం తిప్పుకుంది.

ఎడమ కంటికి రింగులు వేశారు. కొత్త కళ్ళజోడుతో నాలుగు చుక్కలూ మళ్ళీ ఒక్కటయ్యాయి. ఆ కంటితోనే సుస్మిత కోర్సు గట్టెక్కింది. కుడి కన్ను మాత్రం మసకమసగ్గా, వంతు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ, ఇవాళ చెప్పేస్తాననుకుని బయల్దేరేది మాణిక్యమ్మ. "మామ్మగారు భలే జాగ్రత్తగా చూసుకుంటున్నారే" అనేవాడు డాక్టరు. ఆ మాటతో గొంతు దాకా వచ్చింది కాస్తా లోపలికి జారిపోయేది. ఒకసారి సుస్మిత అలవాటుగా ఒళ్ళో తల పెట్టుకుంటే, ఆవిడ చెయ్యి దానంతటదే కొంగు మీదికి వెళ్ళింది. చప్పున ఆ చెయ్యి తొడ కింద పెట్టుకుని, దాని మీదే కూర్చుంది. అప్పట్నుంచి ఆవిడ కొంగు వేలాడటం ఎవరూ చూడలేదు. ఎప్పుడూ నడుం చుట్టూ బిగించి దోపుకునే ఉండేది. పోయేదాకా ఆ ఒక్క ముక్కా డాక్టరుతో అనలేకపోయింది.

కంటికి దురదొస్తే చన్నీళ్ళతో కడగండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఈ కథ గుర్తుంచుకుని మీ పిల్లలకి చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం, సుస్మిత చెప్పినట్టు చెప్పకండి. రుద్దిన చెయ్యి మాణిక్యమ్మదని, పేరు పెట్టి చెప్పండి. ఆవిడ చెప్పలేకపోయింది, మీరైనా చెప్పండర్రా.