నెమలి కాలికి పచ్చ క్లిప్పు

మిట్టమధ్యాహ్నం, క్వార్టర్ల లైనంతా కూలర్ల హోరులో కునుకు తీస్తున్న వేళ, జానకి పెరట్లో నెమలి వలలో పడింది. పడిందంటే అలా ఇలా కాదు. రెండు కాళ్లూ, ఒక రెక్కా, మెడా చుట్టేసుకుని, బీరపందిరి పక్కన తలకిందులుగా వేలాడుతూ గిలగిలా కొట్టుకుంటోంది. జానకి చేతిలో చీపురు జారిపోయింది. ఆ క్షణాన ఆమె కళ్లకు కట్టింది నెమలి కాదు, మొగుడి మొహం.

మొగుడు హవల్దారు జోగయ్య. ఢిల్లీ కంటోన్మెంటులో పని. ఆ వారం యూనిట్‌తో రాజస్థాన్ ఎడారికి వెళ్లాడు. నాయబ్ సుబేదారు ప్రమోషన్‌కి అతని కాగితాలు పైకి వెళ్లాయి. వస్తే ఇంకొన్నేళ్లు నౌకరీ, రాకపోతే ఈ ఏడాదితోనే పెట్టే బేడా సర్దుకోవడం. ఇప్పుడు ఇంట్లో ఉన్న భయం ఒక్కటే, రెడ్ ఇంక్. ఫౌజులో మనిషి మీద ఏ కేసు పడినా పత్రాల్లో ఎర్ర సిరాతో రాస్తారు. ఆ గీత పడిందంటే ప్రమోషన్‌కి నీళ్లొదులుకోవడమే. నెమలేమో జాతీయ పక్షి. దానికి హాని చేస్తే జైలేనని కేంట్‌లో చంటిపిల్లలకు కూడా తెలుసు.

వల కట్టాలన్న బుద్ధి కూడా జానకిదే, ఇంకెవర్ని అనుకోవాలి? ధౌలా కువాన్ వైపు మెట్రో తవ్వకాలు మొదలయ్యాక నెమళ్లన్నీ క్వార్టర్ల మీద పడ్డాయి. గోంగూర మొలకెత్తితే చాలు, తెల్లారేసరికి మోడు. విసిగిపోయి, పూసా కృషి మేళాకి వెళ్లి, పంటల మీద కప్పే వలా, దాన్ని తాడుకి పట్టి ఉంచే క్లిప్పులూ కొనుక్కొచ్చింది. అరచేతిలో ఇమిడిపోయే పచ్చ ప్లాస్టిక్ క్లిప్పులు. లోపల మొసలి పళ్లలాంటి పళ్లు. వల అంచునీ తాడునీ కలిపి గట్టిగా నొక్కితే టక్కున మూసుకుంటాయి. ఆ తర్వాత వేళ్లతో రావు, అట్లకాడ మొనతో ఎత్తాల్సిందే.

"తాన్ కే బాంధో, బెహన్‌జీ" అని అమ్మినవాడు మరీ మరీ చెప్పాడు. నవారు మంచంలా బిగించి కడితే వాలిన పిట్ట ఎగిరి అవతల పడుతుందట. జానకి తల ఊపింది. తల ఊపితే ఏం లాభం, చేతులు వినాలిగా? ఆ చేతులు భీమిలి జాలరిపేటలో పెరిగినవి. బిగిసిన వలలో చేప పడదని చిన్నప్పుడే నేర్చినవి. ఇంటికొచ్చి, ఎప్పటిలాగే వలని వదులువదులుగా కుచ్చులు పోసి దించి, క్లిప్పులన్నీ నొక్కేసి, భేషుగ్గా ఉందనుకుంది. చేపల వల కట్టి, ఏదీ పడకూడదనుకుంటే ఎలా?

"ఓలమ్మో, ఓలమ్మో" అనుకుంటూనే లోపలికి పరిగెత్తి, దుప్పటి తడిపి తెచ్చి నెమలి తల మీద కప్పింది. కళ్లు మూస్తే కోడైనా నెమలైనా కాస్త ఊరుకుంటుంది. ఒళ్లో పెట్టుకుని పోగు పోగూ విప్పడం మొదలుపెట్టింది. చిక్కినదాన్ని ముందుకు లాగకూడదు, వచ్చిన దారినే వెనక్కి పంపాలి. మెడ వచ్చింది. రెక్క వచ్చింది. దుప్పటి కింద దాని గుండె టపటపా కొట్టుకుంటుంటే, తన గుండె ఏదో దాని గుండె ఏదో ఆమెకు తెలియలేదు.

"నీకు దండం ఎడతాను బాబూ, కదలకు. నువ్వు సచ్చిపోతే మా బతుకు బుగ్గైపోద్ది" అంది దానితో.

ఒక కాలు వచ్చింది. రెండో కాలి చుట్టూ వల ముద్దకట్టి, ఆ ముద్దని క్లిప్పు కరుచుకుని ఉంది. కత్తెరతో అటూ ఇటూ తాడు కోసి, అట్లకాడ అందుకోబోయింది. సరిగ్గా అప్పుడే ఎదుటి క్వార్టర్‌లో కుక్కర్ కూత పెట్టింది. నెమలి ఒక్క విదిలింపు విదిలించి, జానకి చెయ్యి గీరేసి, గోడ దాటి ఎగిరిపోయింది. దాని కాలికి గుప్పెడు వలపీలిక, పచ్చ క్లిప్పు.

బతికిందిలే అని ఊపిరి పీల్చుకోబోయిన జానకికి ఆ ఊపిరి సగంలోనే ఆగిపోయింది. కేంట్ మొత్తంలో ఆ పచ్చ క్లిప్పులున్నది తన ఇంట్లోనే. తలెత్తి చూస్తే ఎదుటి వంటింటి కిటికీలో సరోజ నిలబడి ఉంది.

సరోజ హవల్దారు చెన్నకేశవులు భార్య. కడప మనిషి. జోగయ్యా చెన్నకేశవులూ ఒకే బ్యాచి, ఉన్న ఖాళీ ఒక్కటి. జోగయ్య పేరు కొట్టేస్తే ఆ కింద ఉన్న పేరు చెన్నకేశవులుదే. అంతకుముందు ఈ ఇంటి పులుసు ఆ ఇంటికి, ఆ ఇంటి సంగటి ఈ ఇంటికి తిరిగేవి. కాగితాలు పైకి వెళ్లినప్పటి నుంచి గిన్నెలు ఎక్కడివక్కడే.

జానకి వల చింపి ట్రంకుపెట్టెలో కుక్కింది. క్లిప్పులన్నీ పీకి కొంగులో పోసుకుంది. సాయంత్రం కాకముందే సరోజ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నీ దగ్గర పచ్చ క్లిప్పులు ఉండాయి కదా. ఒకటి రెండు ఇయ్యి. గాలికి గుడ్డలు నిలబడేది ల్యా."

"ఏటి క్లిప్పులు? నా కాడ నేవు."

"పందిరికి వల యాడ పోయ?"

"చినిగిపోనాది. తీసి పారేసినాను."

సరోజ ఆమె చేతి మీది గీరుడు వంక చూసింది. "సరేలే" అని వెళ్లిపోయింది. జానకి ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు. ఇది సాక్ష్యం కోసమే వచ్చింది, నా కొంప ముంచడానికే వచ్చింది అనుకుంటూ తెల్లార్లూ మంచం మీద దొర్లింది. పొద్దున్నే క్లిప్పుల్ని కాగితంలో చుట్టి, టీ పిప్పి, కూరగాయ తొక్కల కింద అణగదొక్కి, లైను చివర చెత్త డ్రమ్ములో పడేసి వచ్చింది.

పాల బూతు దగ్గర వార్త గుప్పుమంది. నెమలి ఆఫీసర్ల మెస్ పచ్చిక మీద కుంటుతూ దొరికిందట. పశువుల డాక్టరు పట్టుకుని కాలికున్నది విప్పేశాడట, నెమలికేం ఫరవాలేదట. కేంట్ పెద్ద సాహెబు మాత్రం నిప్పులు కక్కుతున్నాడట. ఆ క్లిప్పు ఏ ఇంటిదో తేల్చమని రెజిమెంటల్ పోలీసుని లైన్ల మీదికి పంపుతున్నాడట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, జానకి గీరుకుపోయిన చెయ్యి కొంగు కింద దాచుకుంది. పాలు తేవడం మరిచిపోయి ఉత్త గిన్నెతో ఇల్లు చేరింది.

ఎండ ఎక్కాక పోలీసు సైకిలు దిగాడు. చేతిలో ఆ పచ్చ క్లిప్పే. ఇంట్లో నక్కితే అనుమానమని, జానకి తడిబట్టల బకెట్ పట్టుకుని ముందు వాకిట్లోకి వచ్చింది.

మొదటి క్వార్టర్ గఢ్వాలీ వాళ్లది. తాడు మీద ఆరేసిన చొక్కాకి పచ్చ క్లిప్పు. పక్కన పంజాబీ వాళ్ల దుప్పటికి ఇంకోటి. ఆ పక్కన మలయాళీ వాళ్ల ముండు పంచెకి ఒకటి. సగం నొక్కితే అవి బట్టల క్లిప్పుల్లాగే పట్టుకుంటాయని ఎవరికి తట్టిందో గానీ, లైను పొడుగునా, తాడు తాడుకీ పచ్చ క్లిప్పులే. జానకి కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

"యే కహాఁ సే ఆయా, భాభీజీ?" అని పోలీసు క్లిప్పులు ఎక్కడివో అడిగాడు.

"మేలే సే. సబ్‌నే లియా" అని, అందరూ మేళాలోనే కొన్నారని చెప్పింది పంజాబీ ఆవిడ, పిండిచేతులు దులుపుకుంటూ.

అతను ఇంటింటి తాడూ చూస్తూ వచ్చి, జానకి వాకిట ఆగాడు. లైను మొత్తంలో పచ్చ క్లిప్పు లేని తాడు అదొక్కటే. బోసి పందిరి వంక చూశాడు. ఉత్త తాడు వంక చూశాడు.

"ఆప్ కే యహాఁ నహీఁ హై?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉందంటే చూపించమంటాడు, లేదంటే ఎందుకు లేదంటాడు. జానకి బకెట్ కింద పెట్టింది. అయిపోయింది, ఆయన ప్రమోషన్ నా చేతులారా నేనే తినేశాను అనుకుంది.

ఎదుటి గేటు కిర్రుమంది. సరోజ తాపీగా దాటి వచ్చింది.

"ఇన్ కే క్లిప్ మైఁ లే గయీ థీ, భయ్యా" అని, క్లిప్పులు తానే తీసుకెళ్లినట్టు అతనితో చెప్పి, రెండు క్లిప్పులు జానకి చేతిలో పెట్టింది. "ఇంద అక్కా. నీ గుడ్డలకే ల్యాకుండా చేస్తి."

జానకి జోగయ్య తడి యూనిఫారం తాడు మీద వేసి, క్లిప్పు పెట్టి నొక్కబోయింది. వేళ్లకు పట్టు చిక్కలేదు. సరోజ తన చెయ్యి ఆమె చేతి మీద వేసి నొక్కింది. పోలీసు చేతిలోని క్లిప్పునీ లైనంతా ఊగుతున్న క్లిప్పుల్నీ మార్చి మార్చి చూసి, "ఠీక్ హై" అని నీరసంగా సైకిలెక్కాడు.

అతను మలుపు తిరిగేదాకా ఇద్దరూ కదల్లేదు. క్లిప్పు పళ్ల మధ్య టీ పిప్పి ఇరుక్కుని ఉంది. అది పొద్దున తను పారబోసిన టీ పిప్పే.

"సరోజా, నిన్న నువ్వు నా ఇంటికొచ్చినావు కదా. సాక్ష్యానికే వచ్చినావనుకున్నాను. తప్పైపోనాది" అంది జానకి. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"తప్పేమి ల్యా. సాక్ష్యానికే వస్తి" అంది సరోజ. "ఒక్క క్లిప్పు దొరికితే చాలు, పోయి సాహెబుకు ఇచ్చేద్దామనే అనుకుంటి. నువ్వు పారేసేది చూసి, పొద్దున డ్రమ్ములో చెయ్యి పెట్టి గెలికి తీస్తి. ఆ చేతులు చూసుకున్నాక నా మీద నాకే రోత పుట్టె అక్కా. మొగుడి నౌకరీ కోసరం యాడ చెయ్యి పెడుతుండానా అనిపిచ్చె. ఇంటికి పోకుండా ఈ తట్టునించి ఆ తట్టుకి అందరికీ పంచి, సంగతి చెప్పి వస్తి."

జానకికి కోపం రావాల్సిందే, రాలేదు. రాత్రంతా పట్టి పీడించిన దడ ఇప్పుడు ఒక్కసారిగా దిగిపోతుంటే, తాడు పట్టుకుని నిలబడింది.

"ఇద్దర్లో ఒకరికే వస్తాది గదా" అంది చివరికి.

"వస్తే వస్తాది. రాకుంటే ల్యా." సరోజ బకెట్‌లోంచి ఇంకో చొక్కా తీసి, విదిలించి, తాడు మీద వేసింది. "నేను సాక్ష్యానికి వచ్చిన సంగతి మా ఆయనకు తెలీదు. చెప్పొద్దు అక్కా."

"నేను వల కట్టిన సంగతి మా ఆయనకీ తెల్దు" అంది జానకి. "నువ్వూ చెప్పకు."