ఎదురెదురు బల్లలు

"అమ్మకి నువ్వే చెప్పు. నువ్వయితే బాగా చెబుతావు" అన్నారు మా ఆయన, బూట్ల లేసులు కట్టుకుంటూ. నేను ఒక చేత్తో టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ, ఇంకో చేత్తో పొయ్యి ఆపుతున్నాను. వీధి వైపు గది ఆయనకి కావాలట. ఇకనుంచి వారంలో సగం రోజులు ఇంట్లోంచే పని చేస్తారు గనక, తలుపు వేసుకుని మాట్లాడుకోవడానికి చోటు ఉండాలి. ఆ గదిలో ఉండేది అత్తయ్య. ఆమెని వెనక గదిలోకి మార్చాలి. మార్చాలన్న నిర్ణయం ఆయన తీసేసుకున్నారు. ఆ సంగతి చెప్పడం మాత్రం నా వంతు.

మా ఇంట్లో ఈ పని ఎప్పుడూ నాదే. గిన్నెలు తోమడం, బట్టలు ఆరేయడం లాంటివి చేస్తే కనీసం కంటికి కనిపిస్తాయి. దీనికి పేరైనా లేదు. మామయ్య బతికున్న రోజుల్లో ఆయన విసురుగా అన్నదాన్ని అత్తయ్య దగ్గరికి మెత్తగా చేర్చేదాన్ని. ఆడపడుచు ఫోన్లో చిరాకుపడితే వాళ్ళ అన్నగారికి దాన్ని సరదాగా మార్చి వినిపించేదాన్ని. మా అమ్మాయిని స్నేహితురాళ్ళతో ఊరెళ్ళొద్దని తండ్రి అంటే, ఆ వద్దన్న మాటని దాని మంచం దాకా ముద్దుచేస్తూ మోసుకెళ్ళేదాన్ని. పాము చావాలి, కర్ర విరగకూడదు అంటారు. మా ఇంట్లో ఆ కర్రని నేను. "కోడలిపిల్ల చెబితే చేదుమాత్ర కూడా తియ్యగానే ఉంటుంది" అని మామయ్య పదిమందిలో మెచ్చుకునేవారు. అప్పట్లో అది విని పొంగిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం బస్సులో నిలబడి వెళుతుంటే, అత్తయ్యకి ఎక్కడ మొదలుపెట్టాలా, ఏ మాట తర్వాత ఏ మాట అనాలా అని బుర్రలో వాక్యాలు పేర్చుకుని పేర్చుకుని, దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

నేను పనిచేసేది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే చోట. దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు బండ్లలో వస్తాయి, ఉతికి, ఆరి, మడతలై మళ్ళీ బండ్లెక్కుతాయి. మడతపెట్టే హాల్లో అందరూ ఆడవాళ్ళే. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కొసలు పట్టుకుని విదిలిస్తారు. దగ్గరికి వస్తారు, దూరం జరుగుతారు, మళ్ళీ దగ్గరికి వస్తారు. ఆ రావడంలో పోవడంలో ఒకామె కూతురి కాన్పు కబుర్లు, ఇంకొకామెకి ఇంటి ఓనరుతో పడ్డ గొడవ అన్నీ అయిపోతుంటాయి. ఆ హాలుకి నేను సూపర్‌వైజర్ని.

ఆ పొద్దున మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. నాకంటే చిన్నవాడు. ఏదైనా చెప్పాల్సివస్తే ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగుతాడు. ఆ రోజు రెండు గ్లాసులు తాగాడు.

"కొత్త యంత్రం వస్తోందమ్మా. దుప్పట్లు అదే మడతపెట్టేస్తుంది. మనవాళ్ళంతా మాసిన బట్టలు రకాలవారీగా విడదీసే పనికి మారాలి. పొద్దున ఎనిమిదికి కాదు, ఆరుకే రావాలి. హెడ్డాఫీసు నిర్ణయం. మీరు వాళ్ళకి చెప్పెయ్యండి. మీరయితే బాగా చెబుతారు."

ఒకే పూట, ఒకే మాట, ఇద్దరు మగవాళ్ళ నోట. నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూశాను. హాల్లో చదవమని ఒక కాగితం చేతిలో పెట్టాడు. మొదటి వాక్యం 'మనమంతా ఒక కుటుంబం' అని ఉంది. కుటుంబం అన్న మాట చూడగానే నాకు సింకు నిండా ఎంగిలి కంచాలు గుర్తొచ్చాయి.

"ఎవర్నైనా తీసేస్తున్నారా సార్?" అని అడిగాను.

"అబ్బే, ఒక్కర్ని కూడా తియ్యం."

"ఆ మాట ఇందులో లేదే?"

"తియ్యనప్పుడు తియ్యం అని రాయడం ఎందుకమ్మా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఎందుకో హాల్లోకి వస్తే తెలుస్తుంది. యంత్రం కబురు అప్పటికే పొక్కి, చిలవలు పలవలు అల్లుకుంది. సగం మందిని పంపేస్తారని ఒకరు, పాతవాళ్ళని మాత్రమే పంపేస్తారని మరొకరు. మేం రేడియో అని పిలుచుకునే పిల్ల ఉంది. దాని నోరు ఆగితే దుప్పటి ముందుకు సాగదు. ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతోంది. అలాంటిది ఆ పొద్దున ఎదుటి మనిషి మొహం కూడా చూడకుండా మడతలు వేస్తోంది. "ఏమైందే?" అంటే, "ఏం లేదక్కా" అంది. రేడియో 'ఏం లేదు' అనడం నేను వినడం అదే మొదటిసారి.

నిరుడు మా టీ గదిని సామాన్ల గది చేసినప్పుడు కూడా మేనేజరు మాట మోసుకొచ్చింది నేనే. అప్పుడు ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "చూశారా, ఎంత సాఫీగా జరిగిపోయిందో" అని ఆయన మురిసిపోయాడు. అప్పట్నించీ అందరూ మెట్ల మీద నిలబడి టీ తాగుతున్నారు.

"రేపు మాట్లాడదాం సార్" అని మేనేజరుతో చెప్పి, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుతోంది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆమె మంచం చివర కూర్చుని, బస్సులో పేర్చుకున్న మొదటి వాక్యం బయటికి తీశాను.

"అత్తయ్యా, ఈ వీధి చప్పుడుకి మీకు సరిగ్గా నిద్రపట్టడం లేదేమో కదా?"

అత్తయ్య కళ్ళజోడు తీసింది. "వాడేం పంపించాడు నీతో?"

నేను దుప్పటి అంచు సవరించడం మొదలుపెట్టాను.

"నువ్వు నా ఆరోగ్యంతో మొదలుపెట్టావంటే వెనకాల మావాడి అవసరం ఏదో ఉందని అర్థం. ఇన్నేళ్ళుగా చూడ్డం లేదూ? మీ మామయ్య నన్ను మా అక్క ఊరికి వెళ్ళొద్దన్నప్పుడు నువ్వు నా మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టావు."

నవ్వు ఆగలేదు నాకు. ఆమెకీ ఆగలేదు. ఇద్దరం ఆ మంచం మీద కళ్ళు తుడుచుకునేంతగా నవ్వుకున్నాం. నవ్వు సద్దుమణిగాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అంది. "నీమీద నాకెప్పుడూ కోపం రాలేదమ్మాయ్. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన అన్నవాటికి నా దగ్గర జవాబులుండేవి. ఆ మాట నువ్వు తెచ్చేసరికి నీ మొహం చూసి మింగేసేదాన్ని. నీమీద అరిచి ఏం లాభం? అలా నా జవాబులన్నీ నాతోనే ఉండిపోయాయి."

నా కష్టమంతా ఇన్నాళ్ళూ నాకు ఇంకోలా కనిపించింది. రెండు వైపుల దెబ్బలూ నేనే కాస్తున్నాననుకున్నాను, నా ఒళ్ళే మెత్తగా చేసుకుని అందర్నీ కాపాడుతున్నాననుకున్నాను. తీరాచూస్తే కాపాడింది నిర్ణయాలు తీసుకున్నవాళ్ళని మాత్రమే. వాళ్ళు అన్నది నా గుండా పోయేది గానీ, దానికి జవాబు నా గుండా తిరిగి వచ్చేది కాదు. ఒక్కరు కూడా నాకు ఎదురు చెప్పలేదంటే అది నా నేర్పు అనుకున్నాను. వాళ్ళకి నామీద జాలి అని ఎవరు అనుకుంటారు? మెట్ల మీద టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళంతా కళ్ళముందు మెదిలారు. సిగ్గు వేయాల్సిన చోట నాకు, చిత్రంగా, తేలిగ్గా అనిపించింది. ఇంత బరువైన పని, పైగా ఎవరికీ అక్కర్లేని పని. మానేస్తే పోలా?

"ఏమండీ, ఒకసారి ఇలా రండి. అత్తయ్యతో మీరు మాట్లాడాలన్నారు కదా" అని పిలిచాను.

ఆయన గుమ్మంలోకి వచ్చి నావైపు చూసిన చూపు, బోర్డు దగ్గరికి పిలిచిన కుర్రాడి చూపు. నేను లేచి పక్కకి జరిగి, ఆయనకి చోటిచ్చాను. ఆయన తన కొత్త పని గురించి, ఫోన్ల గురించి, కాళ్ళు చాపుకునే చోటు గురించి అడ్డదిడ్డంగా ఏదో చెప్పి, చివరికి "ఈ గది నాకు కావాలమ్మా" అన్నారు.

"అంతేనా? ఇస్తాను" అంది అత్తయ్య. "వెనక గదికి గాలి రాదు. పెరటి వైపు కిటికీ పెట్టించు. గోడలకి సున్నం కాదు, రంగు వేయించు, పసుపు రంగు. ఇవన్నీ అయ్యాకే నా మంచం కదులుతుంది."

"రంగెందుకమ్మా ఇప్పుడు?"

"నీకు తలుపెందుకు?"

ఆయన "సరే" అన్నారు. ఆ గదిలో అత్తయ్యకి ఏం కావాలో నేనైతే అడిగి ఉండేదాన్నే కాదు. అన్నం తినేటప్పుడు ఆయన నెమ్మదిగా, "నేను మరీ మోటుగా చెప్పానా?" అని అడిగారు. "బాగానే చెప్పారు. అలవాటైతే ఇంకా బాగా చెబుతారు" అన్నాను.

మర్నాడు మేనేజరు గదిలో కాగితం బల్ల మీద పెట్టేశాను. "మీరే చెప్పండి సార్. నేను పక్కన కూర్చుంటాను."

ఆయన మొహం తెల్లబోయింది. "వాళ్ళు నా మీద పడతారమ్మా."

"పడితే పడతారు. దుప్పట్లున్నాయిగా, దెబ్బ తగలదు."

అప్పుడే తెలిసింది, అతనికి మేమంటే చులకన కాదు, భయం. యంత్రాలు ఆపించాను. ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉండడం మాకెవరికీ అలవాటు లేదు. అందరూ మూటల మీద కూర్చున్నారు. మేనేజరు నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, "మనమంతా ఒక కుటుంబం" అని మొదలుపెట్టాడు.

అందరికంటే పెద్దావిడ, మేం పెద్దక్క అంటాం, చెయ్యెత్తింది. "మా కుటుంబంలో అయితే బాబూ, నేనెప్పుడు లేవాలో నన్నడక్కుండానే చెప్పేవాళ్ళు. ఇదీ అలాంటి కుటుంబమేనా?"

హాలంతా గొల్లున నవ్వింది. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క క్షణం పారిపోతాడేమో అనుకున్నాను. పారిపోలేదు. కాగితం జేబులో పెట్టుకుని, ఒక మూట లాక్కుని, తనూ కూర్చున్నాడు.

"ఎవర్నీ తియ్యం" అన్నాడు. "ఇది ముందే చెప్పాల్సింది. ఒక్కర్ని కూడా తియ్యం."

రేడియో రెండు చేతుల్లో మొహం దాచుకుంది. పక్కనున్నామె దాని వీపు నిమిరింది. తర్వాత మేనేజరు యంత్రం సంగతి చెప్పాడు, ఆరు గంటల సంగతి చెప్పాడు. పిల్లల్ని బడికి ఎవరు పంపుతారని ఒకరు లేచారు. "మా ఆయనకి ఇంట్లో చెంచా ఎక్కడుందో తెలీదు సార్" అని ఇంకొకరు. "ఆరుకే ఎందుకు?" అని పెద్దక్క అడిగితే, బండ్లు అప్పుడే వస్తాయన్నాడు. అన్ని బండ్లూనా అంటే, కావు, కొన్నే. అయితే కొంతమందే వస్తే చాలదా? ఆరుకి వచ్చి మధ్యాహ్నానికే ఇంటికి పోవడం మాకిష్టమని వెనక నుంచి నలుగురు ఒకేసారి అన్నారు. పిల్లలు లేనివాళ్ళు కొందరు, పిల్లలు పెద్దవాళ్ళైనవాళ్ళు కొందరు.

"ఈ సంగతి నాకు తట్టలేదు. కుదురుతుందో లేదో నాకు తెలీదు. కనుక్కుని చెబుతాను" అన్నాడు మేనేజరు.

నాకు తెలీదు అని ఆ ఆఫీసు గదిలోంచి వచ్చిన మనిషి అనగా నేనెప్పుడూ వినలేదు. మా ఇంట్లో కూడా వినలేదనుకుంటాను.

చివర్లో రేడియో లేచింది. దాని గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "యంత్రం మడతపెడితే పెట్టనీ సార్. నా భుజాలు బాగుపడతాయి. మరి మేం మాట్లాడుకునేదెప్పుడు? మాసిన బట్టలు విడదీసే కొత్త బల్లలు గోడ వైపు వరసగా వేస్తారంట కదా. రోజంతా గోడ మొహం చూస్తూ పనిచేయాలా? ఎదురెదురుగా వెయ్యండి."

"అంతే కదా, వేద్దాం" అన్నాడు ఆయన, ఇంత తేలికైన కోరిక కోరినందుకు ఆశ్చర్యపోతూ.

వారం తిరక్కుండానే మేనేజరు మళ్ళీ వచ్చి తనే చెప్పాడు. ఎవరికి కుదిరిన వేళకి వాళ్ళు రావచ్చు. బల్లలు ఎదురెదురుగానే. మావాళ్ళు అడిగిన టీ గది మాత్రం తిరిగి ఇవ్వడం కుదరదని హెడ్డాఫీసువాళ్ళు అన్నారట. అందరూ సణిగారు, ఆయన మొహం మీదే సణిగారు. నిలబడి విన్నాడు. మర్నాడు ఒక గుమాస్తాని వెంటబెట్టుకుని మెట్ల కింద చోటు కొలుస్తూ కనిపించాడు. బెంచీలు పడతాయేమో చూస్తున్నాడట. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ చెప్పలేదు, ఏమీ మొయ్యమనలేదు. ఆ రోజుల్లో సాయంత్రాలు బస్సులో కూర్చుని నేను ఊరికే రోడ్డు చూసేదాన్ని. బుర్ర ఖాళీగా ఉండడం ఎంత హాయో, పండు వలుచుకున్నట్టు మెల్లిగా తెలిసొచ్చింది.

యంత్రం వచ్చి కుదురుకున్నాక హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన చూడ్డానికి వచ్చారు. ఎదురెదురు బల్లల మధ్య గలగలలు చూసి, పని కూడా ఆగకపోవడం చూసి, నన్ను పక్కకి పిలిచారు. "ఇంకో ఊళ్ళో మన శాఖ ఉంది. అక్కడి వాళ్ళు యంత్రం అంటే మొండికేస్తున్నారు. మీరొచ్చి వాళ్ళకి నచ్చజెప్పాలి."

"వస్తాను సార్" అన్నాను. "నచ్చజెప్పడానికైతే రాను. మీరు వాళ్ళతో మాట్లాడుతుంటే, వాళ్ళు మీకు జవాబు చెబుతుంటే, మధ్యలో ఎవరూ అడ్డం రాకుండా చూడ్డానికి వస్తాను. అంటే మీరు కూడా రావాలి."

ఆయన నవ్వి తలూపారు.

ఆ సాయంత్రం అందరం అన్నానికి కూర్చున్నప్పుడు, ఎవరి మోకాళ్ళ నొప్పులతోనూ మొదలుపెట్టకుండా, "సోమవారం నేను పని మీద ఊరెళుతున్నాను, మూడు రోజులు ఉండను" అన్నాను. మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. అత్తయ్య నీళ్ళ గ్లాసు నావైపు జరిపింది. ఆ ఇంటికి వచ్చాక నా నోటితో నేను చెప్పిన నా కబురు అదే మొదటిది.