అంబాసిడర్ వెనక షాకబ్జర్లు

విశాఖపట్నం మొత్తంలో అంబాసిడర్ కారు వెనక బరువు మోసే కమాన్ పట్టీలూ, కుదుపులాపే షాకబ్జర్లూ అరగంటలో మార్చగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మా బావ సన్యాసిరావుతో ఈ మాటే చెప్పాను. నమ్మేశాడు.

ఆయన కొన్న పాత కారు వెనక్కి ఎంత కుంగిపోయిందంటే, నడిపేవాడికి రోడ్డు బదులు మేఘాలు కనిపించేవి. మర్నాడు ఎనిమిదో నెల కడుపుతో ఉన్న మా తాయారక్కని అందులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆమెకి కుదుపులు తగలకూడదని బావ కొత్త సామాన్లు కొని నాకిచ్చి, స్టీలుప్లాంటుకి డ్యూటీకి వెళ్లాడు.

సాయంత్రానికి కారు వెనక భాగం గుర్రంలా ఎత్తుగా నిలబడింది. బావ వస్తూ వస్తూ కంచరపాలెంలో మెకానిక్ నజీర్ భాయ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. భాయ్ డిక్కీ మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. కారు కదల్లేదు. ఎక్కి కూర్చున్నాడు. అయినా కదల్లేదు.

"ఏనుగెక్కినా కుంగదు భాయ్. అలా బిగించాను," అన్నాను.

"కొత్త షాకబ్జరైతే ఒకసారి కిందికి పోయి, పైకొచ్చి ఆగాలి బాబూ. ఇది కారా, గోడా?" అన్నాడు భాయ్.

"ఏటి సేసేవురా? రేపు దీన్లో మీ అక్క కూకుంటాది," అన్నాడు బావ.

అక్క గుమ్మంలో నడుం పట్టుకుని నన్నే చూస్తోంది. నోటిదాకా వచ్చిన అబద్ధం అక్కడే ఆగిపోయింది.

"తుప్పట్టీసి ఒక్క నట్టూ ఊడలేదు బావా. నానేటీ మార్సలేదు. ఇరుసుకీ బాడీకీ మజ్జిన సెక్క దిమ్మలు దూర్చీసాను. అయ్యి మీ మంచానికి ఒక పక్క కోళ్ల కిందవి. ఇయ్యాల దానిమీద పడుకోకండి."