నంబరు లేదన్నది నేనే

నేను ఒక పాత కంప్యూటర్‌ని. పంజాగుట్టలో ఒక పెద్ద కంపెనీ ముందు హాల్లో, అద్దాల పెట్టెలో కూర్చున్నాను. కింద ఇత్తడి పలక: 'మా మొదటి సర్వర్. ఇంటర్ ఫలితాలు అందరికంటే నలభై నిమిషాలు ముందు చెప్పినది.' దసరాకి బొట్టు పెట్టి దండ వేస్తారు. ఆ దండ పడ్డ ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోతాను.

సికింద్రాబాదు దుకాణంలో నన్ను ముక్కలుగా కొని బిగించినవాడు భానోజీరావు. అది రెండువేల సంవత్సరం. ఇంటర్నెట్ అంటే సగం మందికి తెలియని రోజుల్లో, 'చిటికె డాట్ కామ్' అని బోర్డు కట్టి రెండు గదుల్లో కంపెనీ పెట్టేశాడు. మంచివాడే. ఉప్మా ప్లేటు నా నెత్తిమీదే పెట్టుకు తినేవాడు, అంత చనువు. కానీ అందరికంటే ముందుండాలన్న పిచ్చి ఉందే, అది మనిషిని నిలవనివ్వదు.

ఫలితాల రోజు పదకొండు గంటలకి బోర్డు ఇచ్చిన సీడీ చేతికొచ్చింది. జిల్లా తర్వాత జిల్లా నాలోకి ఎక్కిస్తోంది నసీమా. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క ప్రోగ్రామర్ ఆమె.

"సర్, ఇంకా నాలుగు జిల్లాలు ఎక్కలేదు. ఇప్పుడు సైటు తెరిస్తే ఆ పిల్లలకి నంబరు లేదని వస్తుంది."

"లేదంటే ఇంకా రాలేదనుకుంటారులే. తెరిచెయ్ నసీమా, పక్కవాళ్ళు తెరిచేస్తారు!"

ఏమనుకుంటారో ఆయనకి తెలియదూ? పేపర్లో పాసైనవాళ్ళ నంబర్లే వేస్తారు. నంబరు లేదంటే తప్పినట్టే. ఆ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా తెరిపించాడు, నేనూ తెరుచుకున్నాను.

ఎక్కని వాటిలో ప్రకాశం జిల్లా ఒకటి. మార్కాపురం ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఎవరో ఒక నంబరు అడిగారు. లేదన్నాను. నలభై నిమిషాలకి ఆ జిల్లా కూడా ఎక్కింది. ఆ నంబరు సుగుణ అనే అమ్మాయిది, ఫస్ట్ క్లాస్. కానీ అక్కడ నుంచి మళ్ళీ ఎవరూ అడగలేదు.

మర్నాడు వాళ్ళ నాన్న ఓబులేసు హాల్ టికెట్ పట్టుకుని వచ్చాడు. పలకల ఫ్యాక్టరీలో కోత పని ఆయనది, గోళ్ళ సందుల్లో బూడిదరంగు పొడి.

"పొద్దున పేపర్లో నంబరు ఉండాది సారూ. నిన్న మీ కంప్యూటర్లో లేదన్నారంట. ఫస్టు క్లాసు వస్తాదని వీధంతా చెప్పుకున్నా నేను. మొగం చూపించలేక బిడ్డ ఇంటికే రాలా."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు. "ఇంకోసారి చూడు తల్లీ."

నసీమా నంబరు కొట్టింది. ఫస్ట్ క్లాస్ అన్నాను. ఛీ, ఎంత చక్కగా అన్నానో! ప్రింటు తీయించుకుని, బిడ్డ కనబడితే చూపిస్తానని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే నసీమా ఉద్యోగం మానేసింది.

మూడో రోజు గుంతకల్లు నుంచి ఎవరో అదే నంబరు అడిగారు. పాసన్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ, మళ్ళీ, మొత్తం తొమ్మిదిసార్లు. సుగుణ కాక ఇంకెవరు అన్నిసార్లు అడుగుతారు? నా మాట నమ్మలేకపోయింది పాపం, ఎలా నమ్ముతుంది? ఏ ఊరి నుంచి ఏం అడిగారో అంతా నాలో రాసి ఉంటుంది. అది తెరిచి చదవడం వచ్చిన మనిషి వెళ్ళిపోయింది.

ఆ వారం ఓబులేసు ఫోన్ చేశాడు, బిడ్డ ఎక్కడినుంచైనా మళ్ళీ నంబరు అడిగిందేమో కంప్యూటర్లో చూడమని. గదినిండా జనం, అందరికంటే ముందు చెప్పినందుకు కేకు కోస్తున్నారు. భానోజీరావు ఒక క్షణం నా వైపు చూశాడు.

"కంప్యూటర్‌కేం తెలుస్తుందయ్యా?" అని ఫోన్ పెట్టేశాడు.

ఏడాదిపాటు ఫోన్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. బిడ్డ దొరికి ఆగాయో, ఇక దొరకదని ఆగాయో నాకు తెలియదు. నన్ను మాత్రం శుభ్రంగా తుడిచి ఇక్కడ పెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి భానోజీరావు నలభై నిమిషాల కథ చెప్తాడు, చెప్తున్నంతసేపూ నావైపు చూడడు. నాకు ప్లగ్ పెట్టి పాతికేళ్ళయింది. పెడితే చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది.

ఓబులేసూ, గుంతకల్లు వెళ్ళవయ్యా. నీ బిడ్డ గుంతకల్లులో ఉంది.