ఉతకని మూటలు

మా వదిన చేతులు చూసేముందు ఫ్యాక్టరీ డాక్టరు చేతులకి తొడుగులు వేసుకున్నాడు. వాటి మీద ఇంకో జత వేసుకున్నాడు. అప్పుడు గానీ ఆమె వేళ్ళు పట్టుకోలేదు. అరచేతుల్లో చర్మం పొరలు పొరలుగా లేచి వస్తోంది.

"సబ్బు పడలేదు. మందిస్తాను, రాసుకో," అన్నాడు.

"సబ్బు పడకపోతే మీకెందుకండీ రెండేసి తొడుగులు?" అంది వదిన.

డాక్టరు తొడుగులు విప్పి మూత ఉన్న డబ్బాలో పడేసి, మోచేతుల దాకా కడుక్కున్నాడు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను.

మాది అణుబాంబుల ఫ్యాక్టరీ లాండ్రీ. లోపల బాంబు మందు తయారుచేసేవాళ్ళ బట్టలు ఉతికేది మేమే. అందరం ఆడవాళ్ళం, అందరం కాంట్రాక్టు కూలీలం. ఈ ఫ్యాక్టరీ కోసం మా తాతల పొలాలు లాక్కున్నారు. మా నాన్నల చేత దీనికి కావలసిన ఖనిజం తవ్వించారు. వాళ్ళు దగ్గి దగ్గి పోయారు. చదువుకునే పిల్లలూ, మీ పుస్తకాల్లో దీన్ని దేశ గౌరవం అని రాశారు. ఆ గౌరవాన్ని రోజూ మురికినీళ్ళలో పిండేవాళ్ళం మేము. శత్రువు కోసం చేసిన బాంబు ఇంతవరకూ శత్రువు మీద పడలేదు. పడిందంతా మా మీదే.

ఉతికిన బట్టల్ని ఒక మిషను ముందు పెడతారు. విషం మిగిలుంటే అది కూస్తుంది. కూస్తే మళ్ళీ ఉతకాలి. ఉతికే మనిషిని మాత్రం ఏనాడూ దాని ముందు నిలబెట్టలేదు.

ఆ మధ్యాహ్నం వదిన తనే వెళ్ళి నిలబడింది. మిషను కూసింది. వెనకే మాతో పాటు ఉతికే ముసలి పిన్ని నిలబడింది. కూసింది. నేను నిలబడ్డాను. లాండ్రీ అంతా వరస కట్టింది.

మేనేజరు పరుగున వచ్చి మిషను ఆపేశాడు. "ఇది చెడిపోయింది. దేశ రహస్యాలతో ఆటలాడకండి," అన్నాడు.

"మా ఒంట్లో ఉన్నది దేశ రహస్యమా? అయితే వెనక్కి తీసుకోండి. ఈ చేతుల్తోనే పిల్లలకి ముద్దలు పెడుతున్నాం," అంది వదిన.

సాయంత్రం కుళాయిల దగ్గర కూర్చున్నాం. "పని పోతే ఏం తింటాం?" అని ఒకామె ఏడ్చింది.

"ఇప్పుడు తింటున్నదేంటి మరి?" అంది పిన్ని. బయటి డాక్టర్లొచ్చి మాకు పరీక్షలు చేసేదాకా ఉతకకూడదని తేల్చుకున్నాం.

తెల్లారగానే పోలీసులు వచ్చి, రహస్యాల చట్టం కింద వదినను పట్టుకుపోయారు. దాంతో మేం లొంగుతామనుకున్నారు. మేం లాండ్రీ గుమ్మం ముందు బైఠాయించాం. మూటలు గుట్టలు పడ్డాయి. తొడుక్కోను బట్టల్లేక లోపల ఒక్కో విభాగమూ ఆగిపోయింది.

చివరికి సైనికుల్ని దింపారు. వాళ్ళ చేత ఉతికిస్తామన్నారు. మూట భుజానికెత్తుకున్న ఒకడు మా ముందు ఆగి, "ఏముందమ్మా వీటిలో?" అనడిగాడు.

"మాకెవరూ చెప్పలేదు నాయనా. మీ ఆఫీసరుగారిని ఒకటి ఎత్తమను, తెలుస్తుంది," అంది పిన్ని.

సైనికులు ఆఫీసరు వైపు చూశారు. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

మొదటి మూట దబ్బున నేల మీద పడింది. తర్వాత ఇంకోటి. ఆఫీసరు అరుస్తూనే ఉన్నాడు. మేం జరిగి, మా పక్కన కూర్చోను సైనికులకి చోటిచ్చాం. వదినను వదలమని పిన్ని నినాదం ఎత్తుకుంది. ఈసారి మగ గొంతులు కూడా కలిశాయి.