జెరవ్‌షాన్ శివారు

అమెరికాలో, ఫ్రిస్కోలోని కూతురింటి గరాజ్‌లో, మనవరాలు భవిత స్కూల్ ప్రాజెక్ట్‌కి చేసిన నదిని వీరభద్రరావు తీరిగ్గా చూశాడు. పిల్ల ఇంకా బడి నుంచి రాలేదు. అట్ట మీద ఇసుక, తెల్లటి ముద్దతో కొండలు, నడుమ నీలం రంగు పాయ. పేరు జెరవ్‌షాన్. తజికిస్తాన్ మంచుకొండల్లో పుట్టి, ఇరుకు లోయల్లో పడమటికి దిగి, సమర్‌ఖండ్, బుఖారా చేలను తడుపుతుందని నిన్న అన్నం తింటూ చెప్పింది. నడివేసవిలో వానచుక్క లేకుండానే పొంగుతుందట. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి ఏరు నిండుతుందట. వానాకాలపు ఎర్రనీటి గోదారే ఎరిగిన మనిషికి అది వింతగానే ఉంది.

అంతకన్నా వింత, పాయ అవతలి పెద్ద నదికి జానెడు దూరం ఉండగానే ఇసుకలో ఆగిపోయింది. ఆ నది పేరు అము దర్యా. పిల్ల అలిసిపోయి వదిలేసిందనుకున్నాడు. ఊళ్ళో ఆయన చేను కాలవకు చిట్టచివర, శివారులో ఉండేది. పైవాళ్ళు నీళ్ళు పెట్టుకోగా మిగిలితేనే తడి. నీరు చివరిదాకా వెళ్ళకపోతే ఆయనకు ఊపిరాడదు. చెంచాతో ఇసుక తవ్వి, కుంచె ముంచి, పాయను నదిలో కలిపేశాడు.

బడి నుంచి వచ్చిన భవిత దాన్ని చూసి సంచీ కింద పడేసింది.

"తాతా, ఇది రాంగ్. రివర్ అక్కడికి వెళ్ళదు. వాటర్ అంతా ఫీల్డ్స్‌కి తీసేసుకున్నారు. అదే నా పాయింట్. రేపు జడ్జెస్ వస్తారు."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల్లి విజయశ్రీ వచ్చి, ఒక్క మాట అడగాల్సింది నాన్నా అని మాత్రం అంది. ఆయన లోపలికెళ్ళి కత్తి తెచ్చాడు. దాని మొండివైపుతో తను వేసిన రంగంతా గోకాడు. ఎంత గోకినా గాడి మిగిలింది.

"మునుపు కలిసేదా ఇది?" అని అడిగాడు.

ఎప్పుడో లాంగ్ బ్యాక్ కలిసేదంది పిల్ల.

"అయితే గాడి ఉండనీ. నీళ్ళు రావడం మానేసినా ఏరు పోయిన జాడ పోదమ్మా."

భవిత ఆలోచించి, గాడిలో పొడి ఇసుక చల్లింది. తరవాత దాని చివర వేలు పెట్టి అడిగింది.

"ఇక్కడ ఎండ్‌లో ఉన్న పీపుల్ ఏం చేస్తారు?"

"పై ఊళ్ళవాళ్ళను తిడతాం."

"అంతేనా?"

"తిట్టి తిట్టి, మళ్ళీ దున్నుతాం."

పిల్లకు నవ్వొచ్చింది. సమర్‌ఖండ్ దగ్గర అంటించిన అట్ట ఇళ్ళలో ఒకదాన్ని మెల్లగా ఊడదీసి, ఎండిన పాయ పక్కన పెట్టింది. జిగురు ఆరేదాకా వీరభద్రరావు దాన్ని వేలితో నొక్కి పట్టుకున్నాడు.